విండోలు సర్దే పని ఎవరిది? ఐ3తో తొలి వారం

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు రోజంతా చేస్తూ, చేస్తున్నామని కూడా గుర్తించని పని ఒకటుంది: విండోలు సర్దడం. బ్రౌజర్ వెనక దాక్కున్న ఫైలును ముందుకు తెచ్చుకోవడం, రెండింటినీ పక్కపక్కన చూడాలని అంచు పట్టుకుని లాగడం, ఎక్కువ లాగామని మళ్లీ వెనక్కి నెట్టడం, ఈలోగా మూడోది వచ్చి అన్నింటి మీదా కూర్చోవడం. టైలింగ్ విండో మేనేజర్లు ఈ చాకిరీని మనిషి చేతి నుంచి తీసేసుకుంటాయి. తెరిచిన ప్రతి విండోకూ తెరలో ఒక గడి దొరుకుతుంది. ఒకదాని మీద మరొకటి ఎక్కదు, మధ్యలో ఖాళీ మిగలదు. నేల మీద టైల్స్ పరిచినట్టే. పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఈ ఆలోచన ఈనాటిది కాదు. 1985లో వచ్చిన విండోస్ 1.0లో విండోలు పక్కపక్కనే సర్దుకునేవి, ఒకదానిపై ఒకటి పరిచే సౌకర్యం 2.0తో గానీ రాలేదు. అంటే ఇప్పుడు చాలామంది వింతగా చూసే ఈ పద్ధతి ఒకప్పుడు మామూలు ఆఫీసు కంప్యూటర్లలో ఉన్నదే.

లినక్స్‌లో ఈ దారి పట్టే కొత్తవాళ్లలో చాలామంది మొదట తట్టే తలుపు ఐ3 అనే టైలింగ్ విండో మేనేజర్. మైఖేల్ స్టాపెల్‌బెర్గ్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2009లో దీన్ని మొదలుపెట్టాడు. సి భాషలో రాసినది, బీఎస్‌డీ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతుంది, కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. తమాషా ఏమిటంటే, ఇది అనుభవం ఉన్నవాళ్ల కోసం, ప్రోగ్రామర్ల కోసం అని ప్రాజెక్టే చెప్పుకుంటుంది. అయినా కొత్తవాళ్లు దీని దగ్గరికే రావడానికి కారణం పోటీదారుల్ని చూస్తే అర్థమవుతుంది. డీడబ్ల్యూఎంలో ఒక షార్ట్‌కట్ మార్చాలంటే సి భాషలో ఉన్న ఫైలు దిద్ది ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయాలి. ఎక్స్‌మోనాడ్ సెట్టింగులు హాస్కెల్ భాషలో, ఆసమ్ సెట్టింగులు లువా భాషలో రాయాలి. ఐ3కి ఒక్క మామూలు టెక్స్ట్ ఫైలు చాలు. దానికి తోడు, చదివితే నిజంగా అర్థమయ్యే యూజర్ గైడ్ ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఈ రెండోది ఎంత అరుదో వాడినవాళ్లకు తెలుసు.

విండో మేనేజర్ అంటే అసలు ఏది?

ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ ప్రశ్న తేల్చుకోకపోతే తర్వాత అడుగడుగునా తికమకే. లినక్స్‌లో చాలాకాలం తెరను నడిపింది ఎక్స్ విండో సిస్టమ్. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది, ఇప్పటికీ వాడుతున్న దాని 11వ రూపం 1987లో వచ్చింది. ఎక్స్‌ను తయారుచేసినవాళ్లు ఒక గీత గీసుకున్నారు. తెరపై గీయడం, కీబోర్డు, మౌస్ కబుర్లు అందజేయడం ఎక్స్ పని. విండో ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి, చుట్టూ అంచు ఉండాలా వద్దా అన్నది ఎక్స్ తేల్చదు. ఆ పెత్తనం వేరే ప్రోగ్రాముకి అప్పగించింది. ఆ ప్రోగ్రామే విండో మేనేజర్.

ఏదైనా అప్లికేషన్ “నా విండో చూపించు” అని అడిగితే ఆ అర్జీని ఎక్స్ నేరుగా అమలు చేయకుండా విండో మేనేజర్ వైపు మళ్లిస్తుంది. ఎంత వెడల్పు కావాలో అప్లికేషన్ అడగొచ్చు, ఇవ్వాలో లేదో మేనేజర్ ఇష్టం. ఐ3 సాధారణంగా ఆ కోరికను పట్టించుకోదు, తన లెక్క ప్రకారం గడి కేటాయిస్తుంది. ఈ మళ్లింపు హక్కు ఒక సమయంలో ఒక్కరికే దక్కుతుంది. అందుకే గ్నోమ్ డెస్క్‌టాప్ నడుస్తుండగా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) ఐ3ని ప్రారంభిస్తే అప్పటికే ఇంకో విండో మేనేజర్ ఉందని చెప్పి ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కుర్చీ ఒకటే ఉండటం.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటివి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్లు. వాటిలో విండో మేనేజర్ ఒక భాగం మాత్రమే. ఐ3 ఆ ఒక్క భాగమే. మిగతావేవీ దానిలో లేవు. ఈ తేడా గ్రహించకుండా దిగినవాళ్లే రెండో రోజు సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు.

మొదటి గంట

డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్ అనే లినక్స్ రకాలన్నింటి భాండాగారాల్లోనూ ఐ3 దొరుకుతుంది. ఉన్న డెస్క్‌టాప్‌ను తీసేయనక్కర్లేదు, తీసేయకూడదు కూడా. లాగిన్ తెర దగ్గర పాస్‌వర్డ్ కొట్టే ముందు పళ్లచక్రం గుర్తు నొక్కితే సెషన్ల జాబితా వస్తుంది, అందులో ఐ3 ఎంచుకోవాలి. నచ్చకపోతే మర్నాడు అక్కడే పాత డెస్క్‌టాప్ ఎంచుకోవచ్చు.

మొదటిసారి ఒక చిన్న పెట్టె తెరుచుకుని రెండు సంగతులు అడుగుతుంది. సెట్టింగుల ఫైలు తయారుచేయమంటారా? ఎంటర్ నొక్కాలి. ఐ3 షార్ట్‌కట్లకు పట్టుకోవాల్సిన మాడ్ కీగా విండోస్ గుర్తున్న కీ కావాలా, ఆల్ట్ కావాలా? విండోస్ కీ ఎంచుకోవడమే మేలు, ఎందుకంటే ఆల్ట్‌ను బ్రౌజర్లు, టెర్మినళ్లు, ఎడిటర్లు ఇప్పటికే తమ మెనూల కోసం వాడుకుంటున్నాయి. ఆ తర్వాత మిగిలేది నల్లటి తెర, అడుగున సన్నని పట్టీ. ఐకాన్లు లేవు, స్టార్ట్ బటన్ లేదు, కుడి క్లిక్ చేస్తే ఏమీ రాదు. చాలామంది కంప్యూటర్ ఆగిపోయిందనుకునేది ఇక్కడే.

మాడ్ పట్టుకుని ఎంటర్ నొక్కితే టెర్మినల్ వస్తుంది. మాడ్+డి నొక్కితే తెర అంచున ఒక గీతలా, ప్రోగ్రాములు తెరిచే డీమెనూ వస్తుంది, ప్రోగ్రాము పేరులో రెండు మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ అంటే చాలు. మాడ్+షిఫ్ట్+క్యూ విండోను మూసేస్తుంది. మాడ్+1 నుంచి మాడ్+0 వరకు పది వర్క్‌స్పేస్‌లు, అంటే విడివిడి తెరల్లాంటివి. అంకెకు షిఫ్ట్ కలిపితే ఎదురుగా ఉన్న విండో ఆ వర్క్‌స్పేస్‌కు వెళ్లిపోతుంది. ఒక విండో నుంచి పక్క విండోకి మారడానికి జె, కె, ఎల్, సెమీకోలన్. వీఐ ఎడిటర్ అలవాటున్నవాళ్లకు ఇది చిరాకు, అక్కడ వాడేది హెచ్, జె, కె, ఎల్ కదా. ఐ3 ఒక కీ కుడికి జరిగింది, కుడిచేతి నాలుగు వేళ్లూ సహజంగా ఆనేది అక్కడే కాబట్టి. ఇవి నచ్చకపోతే బాణం కీలు ఎలాగూ పనిచేస్తాయి. మొదటి రోజుకు ఇంతకుమించి కంఠస్థం అక్కర్లేదు. షార్ట్‌కట్ల పట్టిక ప్రింటు తీసి గోడకు అంటించే ఉత్సాహం మంచిదే గానీ, వాటిలో సగం నెల దాకా అవసరం పడవు.

మూడో విండో దగ్గర చిక్కు

మొదటి టెర్మినల్ తెరంతా ఆక్రమిస్తుంది. రెండోది తెరిస్తే చెరి సగం. ఇంతవరకూ అందరికీ ముచ్చటేస్తుంది. మూడోది తెరిస్తే మూడు నిలువు పట్టీలు. నాలుగోది తెరిస్తే, 1366 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు లాప్‌టాప్ తెరమీద ఒక్కో పట్టీకి దక్కేది సుమారు 340 పిక్సెళ్లు. ఫోను తెరలా ఇరుకు. “ఇదేనా సర్దడం?” అని విసుక్కునేది ఈ క్షణంలోనే.

ఐ3 తానుగా అందమైన అమరిక ఆలోచించి పెట్టదు. డీడబ్ల్యూఎం, ఎక్స్‌మోనాడ్ వంటివి ఆ పని చేస్తాయి: పెద్ద విండో ఒకవైపు, మిగతావి రెండోవైపు ఒకదాని కింద ఒకటి. ఐ3 మాత్రం వాడేవాళ్లు చెప్పినదాన్ని ఒక చెట్టులా గుర్తుపెట్టుకుంటుంది. 2011లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి ఇదే దాని గుండెకాయ, అంతకుముందు అడ్డు వరుసల, నిలువు వరుసల పట్టికలా ఉండేది. చెట్టు మొదట్లో తెర, దాని కొమ్మలుగా వర్క్‌స్పేస్‌లు, ఆ కొమ్మలకు కంటెయినర్లు, ఆకులుగా విండోలు. కంటెయినర్ అంటే కనిపించని పెట్టె. దానిలోని పిల్లలు పక్కపక్కన ఉండాలా, పైకిందులుగా ఉండాలా అన్నది ఆ పెట్టె గుణం.

రెండు విండోలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. కుడిదాని మీద ఉండి మాడ్+వి నొక్కితే తెరమీద ఏమీ మారదు. లోపల మాత్రం ఆ విండో చుట్టూ నిలువు అమరిక గల కొత్త పెట్టె ఏర్పడుతుంది. జాగ్రత్తగా చూస్తే విండో కింది అంచు రంగు మారి ఉంటుంది. రాబోయే విండో అక్కడ పడుతుందని గుర్తు. ఇప్పుడు ఇంకో టెర్మినల్ తెరిస్తే కుడి సగం మాత్రమే పైకిందులుగా రెండవుతుంది, ఎడమది చెక్కుచెదరదు. మాడ్+హెచ్ అడ్డంగా పంచడానికి. అంచు రంగు గమనించడం అలవాటైతే “విండో ఎక్కడ పడిందో” అనే అయోమయం తొంభై పాళ్లు పోతుంది. షార్ట్‌కట్ల పట్టికల్లో మాత్రం ఈ రంగు ప్రస్తావన దాదాపు కనిపించదు.

చెట్టు ఉందని అర్థమయ్యాకే మాడ్+ఎ విలువ తెలుస్తుంది. అది ఎంపికను విండో నుంచి దాని తల్లి పెట్టెకు ఎత్తుతుంది. కుడివైపు మూడు విండోలున్న పెట్టెను మొత్తంగా పట్టుకుని నాలుగో వర్క్‌స్పేస్‌కు పంపాలంటే ఒకసారి మాడ్+ఎ, తర్వాత మాడ్+షిఫ్ట్+4. మూడూ తమ అమరికతో సహా వెళ్తాయి.

ఇక ఇరుకు సమస్యకు అసలు మందు గడులు కాదు, ట్యాబులు. మాడ్+డబ్ల్యూ నొక్కితే ఆ పెట్టెలోని విండోలన్నీ బ్రౌజర్ ట్యాబుల్లా పైన పేర్లతో వరుసకట్టి, ఒక్కొక్కటే మొత్తం చోటు తీసుకుంటాయి. మాడ్+ఎస్ అయితే పేర్లు ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. మాడ్+ఈ తిరిగి గడుల్లోకి తెస్తుంది. చిన్న తెర ఉన్నవాళ్లు ఎడమవైపు ఒక ఎడిటర్, కుడివైపు ట్యాబుల పెట్టె పెట్టుకుంటే చాలు. టైలింగ్ అనగానే తెరను పదహారు ముక్కలు చేసిన స్క్రీన్‌షాట్లు గుర్తొస్తాయి గానీ, వాటిలో ఎక్కువభాగం చూపించడానికే తప్ప పనిచేయడానికి కావు.

కొన్ని విండోలు గడిలో ఇమడవు: కాలిక్యులేటర్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె, ఇమేజ్ ఎడిటర్ పరికరాల పట్టీ. మాడ్+షిఫ్ట్+స్పేస్ వాటిని తేలేలా చేస్తుంది. ఒక ప్రోగ్రాము ఎప్పుడూ తేలుతూనే తెరుచుకోవాలంటే ఎక్స్‌ప్రాప్ అనే చిన్న పనిముట్టు నడిపి, ఆ విండో మీద క్లిక్ చేస్తే దాని క్లాస్ పేరు తెలుస్తుంది. ఆ పేరుతో సెట్టింగుల ఫైలులో ఒక్క లైను నియమం రాస్తే సరి.

హాస్టల్ నుంచి అద్దె గదికి

హాస్టల్లో ఉన్నన్నాళ్లూ బల్బు ఎవరు మార్చారో, ట్యాంకు ఎవరు నింపారో పట్టదు. అద్దె గదిలో చేరిన రోజు రాత్రే అవన్నీ ఎవరో చేసిన పనులని తెలుస్తుంది. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ వదిలి ఐ3కి రావడం అలాంటిదే. తెర వెలుతురు కీలు నొక్కితే ఏమీ జరగదు. పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్ల విండో దానంతటది రాదు. ప్రొజెక్టర్ తగిలిస్తే బొమ్మ పడకపోవచ్చు. వాల్‌పేపర్ లేదు. ఒక్కో దానికీ ఒక చిన్న ప్రోగ్రాము వెతుక్కోవాలి.

అదృష్టవశాత్తూ ఇటీవలి వెర్షన్లు కొంత బరువు దించాయి. తొలి సెట్టింగుల ఫైలులోనే ధ్వని పెంచే తగ్గించే కీలకు లైన్లు రాసి ఉంటాయి, వైఫై బొమ్మ చూపించే నెట్‌వర్క్ యాప్లెట్‌ను ప్రారంభించే లైనూ ఉంటుంది. ఆ ప్రోగ్రాములు కంప్యూటర్లో ఉంటే చాలు. వెలుతురుకు బ్రైట్‌నెస్‌సీటీఎల్ ఇన్‌స్టాల్ చేసి రెండు కీలకు కట్టాలి. వాల్‌పేపర్‌కు ఫే, రెండో తెరకు ఏరాండర్, నోటిఫికేషన్లకు డన్‌స్ట్. తెర తాళానికి ఐ3లాక్ ఉంది, ప్రాజెక్టువాళ్లదే: ఖాళీ తెర, పాస్‌వర్డ్ కొడుతుంటే మధ్యలో వలయం, అంతే. విండో జరిపినప్పుడో వీడియో చూసేటప్పుడో బొమ్మ చీలినట్టు కనిపిస్తే పైకామ్ ప్రయత్నించవచ్చు. అన్నీ ఒకేరోజు పెట్టుకోవాలని కూర్చుంటే పని మానేసి సెట్టింగుల్లో మునిగిపోవడం ఖాయం. ఏది లేక ఇబ్బంది పడ్డారో ఆరోజు దాన్ని మాత్రం పెట్టుకోవడం వివేకం.

పాత కంప్యూటర్‌కు ప్రాణం పోస్తుందన్న ప్రచారాన్ని కాస్త తగ్గించి వినాలి. ఐ3 తినే మెమరీ నిజంగానే చాలా తక్కువ. కానీ 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో అసలు భోక్త బ్రౌజర్. డెస్క్‌టాప్ మిగిల్చిన చోటును పది ట్యాబులు మింగేస్తాయి. కంప్యూటర్ తొందరగా తెరుచుకుంటుంది, విండోలు తక్షణం స్పందిస్తాయి. వెబ్‌పేజీలు మాత్రం అంతకుముందు ఎంత నెమ్మదో ఇప్పుడూ అంతే.

తెలుగు రాసేవాళ్లకు ఎదురయ్యేవి

తెలుగులో టైపు చేసేవాళ్లకు మొదటిరోజే ఒక గొడవ తగులుతుంది. ఇంగ్లిష్, తెలుగు మార్చుకోవడానికి ఐబస్‌లో (వేర్వేరు భాషల్లో టైపు చేయించే ప్రోగ్రాములో) మొదటి నుంచి ఉండే షార్ట్‌కట్ విండోస్ కీ+స్పేస్. ఐ3లో మాడ్‌గా విండోస్ కీ ఎంచుకుంటే అదే జోడీ తేలే విండోలకూ గడుల్లోని విండోలకూ మధ్య మారడానికి కేటాయించి ఉంటుంది. కీ ఐ3కే ముందు చేరుతుంది, భాష మారదు. తెలుగు పాడైందనుకుని ఫాంట్లు తీసి పెట్టి తంటాలు పడటం కన్నా, ఐబస్ సెట్టింగుల్లో వేరే జోడీ పెట్టుకుంటే నిమిషంలో తేలిపోతుంది. దానికన్నా ముందు, ఐబస్‌ను నడిపేది గ్నోమే కాబట్టి ఐ3 సెషన్లో అది ప్రారంభమయ్యేలా ఒక లైను రాయాలి. జీటీకే, క్యూటీ అనే లైబ్రరీలతో కట్టిన అప్లికేషన్లకు ఐబస్ వాడమని చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే బ్రౌజర్లో తెలుగు వస్తుంది, ఆఫీసు ప్రోగ్రాములో రాదు, లేదా తిరగబడి.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక అలవాటున్నవాళ్లకు ఐబస్ కూడా అక్కర్లేదు. కీబోర్డు లేఅవుట్లు మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌లో భారతీయ లేఅవుట్ కింద తెలుగు ఉంది. తరచూ లేఅవుట్ మార్చేవాళ్లు షార్ట్‌కట్లను అక్షరాల పేర్లతో కాక కీ సంఖ్యలతో రాసుకోవాలని యూజర్ గైడ్ సలహా. కీ మీద ఏ అక్షరం ఉన్నా సంఖ్య మారదు కదా.

చూపించడంలో ఐ3 తెలుగుకు అన్యాయం చేయదు. పేర్ల పట్టీలను ప్యాంగో అనే లైబ్రరీతో గీస్తుంది కాబట్టి వత్తులు, గుణింతాలు సరిగానే కూడుకుంటాయి. డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. డెబియన్, ఉబుంటుల్లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పెడితే తీరిపోతుంది. డీమెనూ అలా కాదు. అది అక్షరాలను ఒక్కొక్కటిగా గీస్తుంది, “స్త్రీ” ముక్కలు ముక్కలుగా పడుతుంది. ప్రోగ్రాముల పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి మామూలుగా ఈ లోటు తెలియదు, తెలుగు పేర్లున్న ఫైళ్ల జాబితా దానికి అందించినప్పుడు బయటపడుతుంది. బదులుగా రోఫీ పెట్టుకోవచ్చు, అదీ ప్యాంగోనే వాడుతుంది. టెర్మినళ్ల కథ వేరు. అక్షరానికో గడి అన్న పాత లెక్క మీద కట్టినవి అవి. తెలుగు అక్షరం ఆ గడికి లొంగదు. తెలుగు ఫైలును టెర్మినల్లో చదవాలన్న పట్టుదల మానేసి గ్రాఫికల్ ఎడిటర్లో తెరవడమే ప్రస్తుతానికి దారి.

చెడగొట్టినా పోయేది లేదు

సెట్టింగుల ఫైలు దిద్దడానికి జంకేవాళ్లకు ఐ3లో రెండు ధైర్యాలున్నాయి. తప్పు రాస్తే తెర పైన ఎర్రటి పట్టీ వస్తుంది, అందులో తప్పులు చూపించే బటన్ ఉంటుంది. మిగతా సెట్టింగులు పనిచేస్తూనే ఉంటాయి. రెండోది ఇంకా గొప్పది. మాడ్+షిఫ్ట్+ఆర్ నొక్కితే ఐ3 మొత్తంగా మళ్లీ ప్రారంభమవుతుంది, తెరిచి ఉన్న విండో ఒక్కటీ మూసుకోదు. సగం రాసిన ఉత్తరం అలాగే ఉంటుంది. పైన చెప్పిన పని విభజనే దీనికి కారణం: విండోలు అప్లికేషన్లవి, వాటిని పట్టుకుని ఉన్నది ఎక్స్. మేనేజర్ కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నంత మాత్రాన సామాన్లు ఎక్కడికీ పోవు. ఐ3 కాసేపు పక్కకు తప్పుకుని తన చెట్టును రాసిపెట్టుకుని, తిరిగి వచ్చి అదే అమరిక నిలబెడుతుంది.

కుటుంబమంతా వాడే ఒకే కంప్యూటర్‌కు మాత్రం ఇది తగదు. కనీసం వాళ్లకు వేరే లాగిన్, మామూలు డెస్క్‌టాప్ ఉంచాలి. కరెంటు బిల్లు కట్టడానికి కూర్చున్న నాన్నగారికి నల్ల తెర చూపించి మాడ్ కీ పాఠం చెప్పడం ఎవరికీ మంచిది కాదు. గంటల తరబడి మౌస్‌తోనే బొమ్మలు గీసేవాళ్లకూ, టచ్‌ప్యాడ్ సైగలకు అలవాటుపడ్డవాళ్లకూ దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు. లాభపడేది కీబోర్డు మీదే చేతులుండేవాళ్లు: ప్రోగ్రామర్లు, సర్వర్లు చూసుకునేవాళ్లు, ఒకపక్క మూలం పెట్టుకుని మరోపక్క రాసే అనువాదకులు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన మరో మార్పు ఎక్స్ స్థానంలోకి వేలాండ్ రావడం. క్రిస్టియన్ హాగ్స్‌బర్గ్ 2008లో దాన్ని ఆరంభించాడు, గ్నోమ్, కేడీఈ ఇప్పటికే ఆ వైపు వెళ్లిపోయాయి. వేలాండ్‌లో తెర గీసేదీ, విండోలు సర్దేదీ ఒకే ప్రోగ్రాము. కాబట్టి ఐ3 అక్కడ అలాగే నడవదు. ఆ లోటు తీర్చడానికి డ్రూ డెవాల్ట్ 2015లో స్వే మొదలుపెట్టాడు, 1.0 రూపం 2019లో వచ్చింది. ఐ3 సెట్టింగుల ఫైలును స్వే దాదాపు ఉన్నదున్నట్టు అర్థం చేసుకుంటుంది. ఇవే కీలు, ఇదే చెట్టు. వాల్‌పేపర్, రెండో తెర, కీబోర్డు లేఅవుట్ మాత్రం బయటి పనిముట్లతో కాక స్వే ఫైలులోనే రాయాలి. ఎక్స్ కోసం పుట్టిన ఏరాండర్, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్, పైకామ్ లైన్లు తీసేయాలి. విండోలు వదలకుండా మళ్లీ ప్రారంభించే సౌకర్యం అక్కడ లేదు. మేనేజరే తెర కూడా అయినప్పుడు అది లేచిపోతే నిలబెట్టడానికి వెనక ఇంకెవరూ ఉండరు. సెట్టింగులు మాత్రం మాడ్+షిఫ్ట్+సితో మళ్లీ చదివించుకోవచ్చు.